నొప్పి మాత్ర మానాలి, నొప్పి మాత్రం అలాగే ఉంది: ట్రామడాల్ తగ్గించుకున్న పద్ధతి

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, టైలర్ని. తెనాలిలో ఇంటి ముందు గదిలో 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నా. నడుం నొప్పి వచ్చి ఎనిమిదేళ్లు, అందులో ఐదున్నరేళ్లు ట్రామడాల్ మాత్ర మీదే బండి లాగాను, దాన్ని పూర్తిగా మానడానికి 14 నెలలు పట్టింది. నాలాగే నడుముకో మోకాలికో మెడకో ఏళ్ల తరబడి ఈ మాత్ర వేసుకుంటూ, ఇప్పుడు మానాలని ఉన్నా ఎలాగో తెలియక భయపడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మీ డోసు ఎంత, ఎంత తగ్గించాలి అన్నది మీ డాక్టర్‌తో తేల్చుకోవాల్సిందే, నేను చెప్పేది ఆ లోపల రోజూ ఇంట్లో మనం ఏం చేసుకోవాలి అన్న సంగతి.

అసలు నాకు అది ఏ మందో కూడా తెలీదండీ. 37.5 మిల్లీగ్రాముల ట్రామడాల్, 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిపిన మాత్ర, అట్ట మీద రాసే ఉంటుంది కానీ ఎవరు చదువుతారు. మొదట పది రోజులకి రోజుకి రెండు అని రాశారు. పది రోజులయ్యాక అదే అట్ట పట్టుకెళ్లి మెడికల్ షాపులో చూపిస్తే ఇచ్చేశాడు, తర్వాత చూపించకుండానే "అక్కా, మీదేనా" అని తీసిపెట్టేవాడు. పెళ్లిళ్ల సీజన్లో నాలుగయ్యాయి, మగ్గం వర్క్ జాకెట్లు ఒప్పుకున్న ఏడాది ఆరయ్యాయి, ఆ ఆరు సంగతి తర్వాత రాసి చూస్తే గానీ నాకు తెలీలేదు. నొప్పి తగ్గిందా అంటే అదీ లేదు, మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలు తగ్గేది, తర్వాత మళ్లీ మామూలే. ఇది నల్లమందు జాతి మందు, మార్ఫిన్‌కి వరసకి చెల్లెలు అని, మన దేశంలో 2018 ఏప్రిల్‌లోనే ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారని, చీటీ లేకుండా అమ్మకూడదని నాకు 2024 సంక్రాంతికి గానీ తెలీలేదు.

ఆ సంక్రాంతి సంగతి చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది చెయ్యబోయే తప్పు అదే. షాపుల్లో చెకింగులు జరుగుతున్నాయి, చీటీ ఉంటేనే అన్నాడు. సరే పీడా పోయింది, పండగ పూట మానేస్తే సరి అనుకున్నా. భోగి రోజు పొద్దున ఆఖరి మాత్ర. ఆ రాత్రి నుంచి ఒకటే ఆవలింతలు, నిద్ర మాత్రం రాదు, ముక్కు కారుతోంది, కళ్లల్లోంచి నీళ్లు, జలుబేమో అనుకుని ఆవిరి పట్టాను. కనుమ నాటికి విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, దుప్పటి కప్పుకుంటే చెమట తీసేస్తే చలి, చేతుల మీద రోమాలు కోడి ఈక పీకిన చర్మంలా లేచి నిలబడ్డాయి. కాళ్లయితే చెప్పలేను, ఎముకల్లో చీమలు పాకుతున్నట్టు, పడుకోలేను, కూర్చోలేను. తల తిప్పితే లోపల చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది. మా ఆయన డెంగ్యూ అని టెస్టులు చేయించబోయాడు. నాలుగో రోజు మా మరిది ఎక్కడి నుంచో ఒక అట్ట తెచ్చిచ్చాడు, ఒక్క మాత్ర వేసుకున్నా, గంట తిరక్కముందే ముక్కు ఆగింది, కాళ్లు ఆగాయి, లేచి కూర్చుని అన్నం తిన్నా. అప్పుడు అర్థమైంది నాకు జలుబూ కాదు డెంగ్యూ కాదు అని. ఆ అట్ట చేతిలో పట్టుకుని ఏడ్చాను.

దీన్ని చూసి నేను మత్తుకి బానిసనైపోయా అనుకున్నా, మీరూ అనుకుంటారు. పెయిన్ క్లినిక్ డాక్టర్ గారు తర్వాత చెప్పారు, ఒంటికి అలవాటు పడటం వేరు, మనసు దాని వెంట పడటం వేరు అని. ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటే ఎవరి ఒళ్లయినా అలవాటు పడుతుంది, అందులో మన గుణం తప్పేమీ లేదు. అలా కాకుండా నొప్పి లేకపోయినా ఆ హాయి కోసం వేసుకోవడం, ఇంట్లో దాచిపెట్టడం, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర చీటీలు రాయించుకోవడం దాకా వస్తే అది రెండోది. దానికీ వైద్యం ఉంది, సైకియాట్రీ వాళ్లు బ్యుప్రినార్ఫిన్ లాంటి మందు మీద పెట్టి నెమ్మదిగా దింపుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, డీఅడిక్షన్ కోసం 14446 అనే ఫ్రీ నంబర్ కూడా ఉంది. సిగ్గుపడి ఆగిపోకండి.

ఏ డాక్టర్ అన్నది ముఖ్యం. నేను మొదట వెళ్లినాయన "ఆపెయ్యమ్మా, ఏం కాదు" అని ఒక్క మాటలో తేల్చేశారు, నాలుగు రోజులు ఏమైందో చెప్తుంటే ఫోన్ చూసుకుంటున్నారు. ఇంకోచోటికి వెళ్లాను. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్లలో కొందరు నొప్పి వైద్యం ప్రత్యేకంగా చేస్తారు, పెయిన్ క్లినిక్ అని బోర్డు ఉంటుంది, వాళ్లని వెతకండి, లేదంటే సైకియాట్రిస్టు, లేదంటే ఓపిగ్గా వినే మీ ఫ్యామిలీ డాక్టర్ అయినా చాలు. వెళ్లి "నేను ఈ మాత్ర ఇన్నేళ్లుగా రోజుకి ఇన్ని వేసుకుంటున్నా, ఒకేసారి ఆపితే ఇలా అయింది, నెమ్మదిగా తగ్గించే ప్లాన్ రాసివ్వండి" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి. ఒకేసారి ఆపించడం ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరిక ఇచ్చింది, ఇది నా ఒక్కదాని మాట కాదు.

మొదట లెక్క సరిచూసుకోవాలి. వారం పాటు వేసుకున్న ప్రతి మాత్ర రాయండి, టైముతో సహా. నేను రోజుకి నాలుగే అనుకునేదాన్ని, రాస్తే ఆరు తేలాయి, పడుకునే ముందు ఒకటి, రాత్రి రెండింటికి లేచి ఇంకొకటి లెక్కలోకే రాలేదు. దాంతోపాటు ఇంకేం వాడుతున్నారో మొత్తం సంచీలో వేసి పట్టుకెళ్లండి. నిద్రకి ఆల్ప్రజోలామ్ వేసుకుంటున్నారా, నరాలకని ప్రీగాబాలిన్ రాశారా, మద్యం తాగే అలవాటుందా, ఇవి ట్రామడాల్‌తో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. డిప్రెషన్ మాత్రలు ఉంటే అదొక సంగతి, ట్రామడాల్ మెదడులో సెరటోనిన్ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి రెండూ కలిస్తే ఒళ్లు వణకడం, జ్వరం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. నాకు తలలో కరెంటు షాకులు వచ్చింది కూడా ఈ గుణం వల్లేనట, మార్ఫిన్ మానేవాళ్లకి ఇవి అంతగా ఉండవట. ఇంకోటి, మీది ఎస్‌ఆర్ అని రాసున్న మాత్ర అయితే సగానికి విరగ్గొట్టకండి, రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది. తగ్గించడానికి వీలైన చిన్న మాత్రలోకి డాక్టర్ మారుస్తారు.

ఇక తగ్గించే లెక్క. ఏడాది దాటి వాడుతున్నవాళ్లకి నెలకి పది శాతం, లేదంటే ఇంకా నెమ్మదిగా తగ్గించమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ల 2022 గైడ్‌లైన్ చెప్తుంది. మా డాక్టర్ గారూ అదే లెక్క వేశారు. ఆరు మాత్రల్లో అర మాత్ర అంటే దాదాపు 8 శాతం. నాలుగు వారాలకి అర చొప్పున. చూడ్డానికి నత్తనడక, నాకైతే మొదట్లో చిరాకు వేసింది కూడా, కానీ కుట్టు విప్పడం తెలిసినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు, బిగుతు కుట్టుని రెండు చేతుల్తో పట్టి లాగితే బట్ట చిరుగుతుంది, ఒక్కో దారం తెంపుకుంటూ పోతే గుడ్డకి మచ్చ కూడా పడదు.

ఎప్పుడు మొదలెట్టాలి అంటే మీకు పని తక్కువగా ఉండే నెలలో. నేను 2024 ఆషాఢంలో మొదలుపెట్టా. ముహూర్తాలు ఉండవు, పెళ్లి జాకెట్లు రావు, చిన్నాచితకా ఫాల్స్, పికోలు తప్ప ఏమీ ఉండవు. రైతులైతే కోతలూ నాట్లూ లేని రోజులు, టీచర్లయితే సెలవులు చూసుకోండి. శ్రావణం వచ్చేసరికి వరలక్ష్మీ వ్రతం గిరాకీ మీద పడింది, అప్పుడు డాక్టర్ గారికి ఫోన్ చేస్తే "ఈ నెల తగ్గించొద్దు, ఉన్నచోటే ఉండు, పెంచకుండా ఉంటే చాలు" అన్నారు. ఆగడం ఓడిపోవడం కాదండీ, ప్లాన్లో అదీ భాగమే. 14 నెలల్లో నేను అలా మూడుసార్లు ఆగాను. వెనక్కి వెళ్లి మళ్లీ పెంచుకోవడం మాత్రం వీలైనంత వరకు వద్దు, మళ్లీ అదే మెట్టు రెండోసారి దిగాల్సొస్తుంది.

ఏ పూట మాత్ర ముందు తగ్గించాలి అన్నది మీరే తేల్చుకోవచ్చు. నాకు మధ్యాహ్నానిది తేలిగ్గా పోయింది. రాత్రిది ఆఖర్న పోయింది, ఎందుకంటే నిద్ర చెడితే నాకు మిగతావన్నీ చెడతాయి. టైము తప్పకుండా వేసుకోండి, నొప్పి వచ్చినప్పుడు వేసుకుందాంలే అనుకుంటే రోజంతా మనసు మాత్ర మీదే ఉంటుంది. నేను ప్రతి ఆదివారం వారానికి సరిపడా లెక్కపెట్టి బొత్తాలు పెట్టుకునే గళ్ల డబ్బాలో సర్దేదాన్ని, మిగతా అట్టలు మా అమ్మాయి బీరువాలో తాళం వేసి పెట్టేది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా కూడా అందని చోట పెట్టండి, మనకి అర మాత్రే కానీ పిల్లలకి అదే ప్రాణం మీదకి తెస్తుంది.

ఆఖరి మెట్లు కష్టం, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఆరు నుంచి అర తీస్తే 8 శాతం, రెండు నుంచి అర తీస్తే 25 శాతం, అదే అర మాత్ర, కానీ ఒంటికి మూడింతలు తెలుస్తుంది. అందుకని కింద మెట్లలో తొందరపడకూడదు. నేను రోజుకి అర మాత్ర దగ్గరికి వచ్చాక ఎడం పెంచుకుంటూ పోయాం, 24 గంటలకి ఒకసారి వేసుకునేది 30 గంటలకి, తర్వాత రోజు విడిచి రోజు, అక్కడికొచ్చాక ఇక ఆపెయ్యొచ్చు అన్నారు.

తగ్గించిన వారం ఎలా ఉంటుందో చెప్తా. ఒకేసారి ఆపినప్పటి నరకం కాదు ఇది, దాని నీడ. రెండో రోజు నుంచి నాలుగైదు రోజులు ఒళ్లు నొప్పులు, చిరాకు, నిద్ర తెగిపోవడం, కాస్త విరేచనాలు. నడుం నొప్పి కూడా ఎక్కువవుతుంది, ఇక్కడే చాలామంది బెదిరిపోయి "చూశారా, మాత్ర లేకపోతే నాకు నడవదు" అని వెనక్కి వెళ్లిపోతారు. కానీ ఆ నొప్పిని కాస్త నిదానించి గమనించండి. నా పాత నొప్పి కుడి వైపు, బెల్టు కట్టే చోట, వంగినప్పుడు పొడుస్తుంది. తగ్గించిన వారంలో వచ్చేది ఒళ్లంతా, మోకాళ్లలో, దవడల్లో కూడా, ఫ్లూ జ్వరంలో వచ్చే లాగుడు. రెండూ వేరు. ఒళ్లంతా లాగేది మాత్ర వెళ్లిపోతూ పెట్టే గొడవ, అది వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. దీనికి తోడు ఇంకో చోద్యం, ఈ జాతి మందులు ఎక్కువకాలం వాడితే కొందరిలో నొప్పిని మరింత ఎక్కువగా తెలిసేలా చేస్తాయట, అంటే ఆరు మాత్రలు వేసుకుంటూ ఉన్న నా నొప్పిలో కొంత ఆ ఆరు మాత్రలే తెచ్చినది అయ్యుండొచ్చు.

విరేచనాలకి ఓఆర్‌ఎస్, పల్చటి మజ్జిగ, గంజి సరిపోయాయి నాకు. లోపరమైడ్ మాత్ర డాక్టర్ చెప్పిన లెక్క దాటి వేసుకోకండి, ఎక్కువైతే గుండె లయ దెబ్బతింటుంది. చెమటలు, గుండెదడ బాగా ఉంటే డాక్టర్లు క్లోనిడిన్ ఇస్తారు, అది బీపీ దింపుతుంది కాబట్టి లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు, సొంతంగా కొనుక్కునేది కాదు. కాళ్ల పాకుడికి నేను రాత్రి బకెట్ వేణ్ణీళ్లు మోకాళ్ల దాకా పోసుకుని, పిక్కలు సాగదీసి పడుకునేదాన్ని, అప్పటికీ తగ్గకపోతే మేడ మీద చీకట్లో పది నిమిషాలు నడిచేదాన్ని, పక్కింటివాళ్లు ఏమనుకున్నారో. నిద్ర కోసం మధ్యాహ్నం నాలుగు తర్వాత టీ మానేశా. అన్నిటికన్నా లేటుగా సర్దుకునేది నిద్రే, దానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి, పక్కవాళ్ల నిద్రమాత్ర మాత్రం అడగొద్దు. ఒక మంచి కూడా చెప్పాలిగా, ఐదేళ్లుగా ఉన్న మలబద్ధకం నాలుగు మాత్రల దగ్గరికి వచ్చేసరికి దానంతటదే వదిలింది, ఇసబ్‌గోల్ డబ్బా ఇప్పుడు వంటింట్లో ఊరికే పడుంది.

ఇప్పుడు అసలు కథ, నొప్పి. మాత్ర తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టకపోతే ప్లాన్ నిలబడదు.

నాకు ఎక్కువ పనికొచ్చింది మందు కాదు, కొలతల పుస్తకం. పాతదాంట్లో వెనక పేజీల్లో ఛాతీ, నడుం, చెయ్యి అని గళ్లు ఉంటాయి కదా, వాటి కింద నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, ఎన్ని జాకెట్లు కుట్టాను అని రాసేదాన్ని. రెండు నెలలయ్యాక తిరగేస్తే తెలిసింది, ఎనిమిది తొమ్మిది పడ్డ రోజులన్నీ ఎక్కువ కుట్టిన రోజుకి మర్నాడే. అంటే నేను బాగున్న రోజు ఏడు జాకెట్లు కుట్టేసి, మర్నాడు మంచాన పడి, మాత్రలు మింగి, మూడో రోజు లేచి మళ్లీ ఏడు కుట్టడం. ఐదేళ్లు ఇదే చక్రం. మాత్ర నొప్పిని తగ్గించింది అనుకున్నా గానీ అది చేసింది ఏంటంటే, ఒళ్లు ఆగమన్నప్పుడు వినపడకుండా చేసి ఇంకో రెండు జాకెట్లు కుట్టించింది.

దీనికి విరుగుడు పనిని ముక్కలు చెయ్యడం. మా ఫిజియో అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది. బాగోలేని రోజు మీరు ఎంతసేపు కూర్చోగలరో చూడండి, బాగున్న రోజు కాదు, బాగోలేని రోజు. నాకు 25 నిమిషాలు. దాంట్లోంచి కొంచెం తగ్గించి 20 నిమిషాలకి ఫోన్లో అలారం పెట్టుకోమంది. అలారం మోగితే నొప్పి ఉన్నా లేకపోయినా లేవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, చంక కుట్టు సగంలో ఉండగా లేవాలంటే ప్రాణం ఒప్పదు, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటే అసలే ఒప్పదు. మొదటి నెల సగం సార్లు అలారం నొక్కేసి కుట్టేసేదాన్ని. తర్వాత ఫోన్‌ని వంటింట్లో పెట్టా, ఆపాలంటే లేచి వెళ్లక తప్పదు. లేచాక మూడు నిమిషాలు, నీళ్లు తాగడం, నడుం వెనక్కి వంచడం, కటింగ్ బల్ల దగ్గర నిలబడి చేసే పని ఏదన్నా ఉంటే చెయ్యడం. బాగున్న రోజు కూడా అదే 20, ఎక్కువ లేదు. రెండు వారాలు అలా గడిస్తే రెండు నిమిషాలు పెంచు. ఇప్పుడు 35 నిమిషాల దగ్గర ఉన్నా. రోజుకి నాలుగు జాకెట్లు, కానీ రోజూ నాలుగు, వారం లెక్క చూస్తే అప్పటికన్నా ఎక్కువే వస్తున్నాయి. ఇది వంటకీ పనికొస్తుంది, పొలం పనికీ పనికొస్తుంది, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి మరీనూ.

నడక పొద్దున్నే కాలవ గట్టు మీద. ఎనిమిది నిమిషాలతో మొదలెట్టా, ఎనిమిదే, నవ్వకండి. వారానికి ఒక నిమిషం. ఇప్పుడు అరగంట. మొదటి పది రోజులు నడిచాక నొప్పి కాస్త పెరుగుతుంది, అక్కడ భయపడకూడదు. ఏళ్ల నాటి నొప్పి ఉన్నప్పుడు, నొప్పి వచ్చిందంటే లోపల ఏదో విరిగిందని కాదు, నరాల అలారం కాస్త గాలికే మోగేలా తయారై ఉంటుంది. ఇది నా బుర్రకి ఎక్కడానికి చాలా టైం పట్టింది. అయితే కాళ్లు మొద్దుబారడం, బలం తగ్గిపోవడం, మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉంటే అది వేరే సంగతి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కాపడం వాడండి, వేడి నీళ్ల బ్యాగు గుడ్డ చుట్టి 15 నిమిషాలు, నేరుగా చర్మానికి పెడితే మచ్చలు పడతాయి, నాకు పడ్డాయి. తొక్కుడు మిషన్ తీసేసి మోటార్ పెట్టించా, కుర్చీ ఎత్తు రెండంగుళాలు పెంచా, ఈ పని ఎనిమిదేళ్ల కిందటే చెయ్యాల్సింది. ఊపిరి వ్యాయామం నేను నమ్మలేదు మొదట్లో, ఇప్పుడు నొప్పి ఎక్కువైతే నాలుగు లెక్కపెట్టి పీల్చి ఆరు లెక్కపెట్టి వదలడం ఐదు నిమిషాలు చేస్తా, నొప్పి పోదు కానీ నొప్పి చుట్టూ ఉండే కంగారు పోతుంది, నొప్పిలో సగం అదే.

మందుల సంగతికొస్తే, కలిపిన మాత్ర తగ్గించేకొద్దీ అందులోని పారాసిటమాల్ కూడా తగ్గుతుంది, కావాలంటే విడిగా వేసుకోవచ్చు, నాకు రోజుకి మూడు గ్రాములు దాటొద్దన్నారు, జలుబు మాత్రల్లో ఉండే పారాసిటమాల్ కూడా ఆ లెక్కలోకే వస్తుందని మర్చిపోకండి. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు, కిడ్నీలు, బీపీ చూసుకుని డాక్టర్ ఇచ్చిన నాలుగు రోజులకే. వీధి చివర సూది వేయించుకుంటే హాయిగా ఉంటుంది నిజమే, అది రోజూ వేయించుకునేది కాదు. నొప్పులకని పొట్లాల్లో అమ్మే పేరు లేని పొడుల జోలికి వెళ్లొద్దు, స్టెరాయిడ్ కలిపి అమ్మేవి ఉంటాయి. నరాల నొప్పికి డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కొందరికి పనిచేస్తాయి, ట్రామడాల్ ఇంకా నడుస్తుండగా వాటిని కలపాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాలి. ఈ మాత్ర లేకపోతే ఇంకేమీ పనిచెయ్యదు అనుకునేవాళ్లకి ఒక మాట, అమెరికాలో 240 మంది నడుం, మోకాలి, తుంటి నొప్పివాళ్లని రెండు జట్లుగా చేసి ఏడాది పాటు చూశారు, 2018లో అచ్చయింది, ఈ జాతి మందులు వాడినవాళ్లు మామూలు మందులు వాడినవాళ్లకన్నా ఏమీ బాగా తిరగలేకపోయారు. ఇది విన్నాక నాకు కోపం వచ్చింది, ఐదున్నరేళ్లు.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. నేను మా ఆయనకి రెండే చెప్పా, నొప్పి ఎంతుంది అని గంటకోసారి అడగొద్దు, తగ్గించిన వారం నేను అరిస్తే అది నేను కాదు అనుకో. మా అత్తగారు "ఒక్క మాత్ర వేసుకో అమ్మా, ఎందుకా బాధ" అని జాలిపడేవారు, ఆవిడ జాలే నాకు పెద్ద పరీక్ష. చివరికి ఆవిడకి కాపడం డ్యూటీ అప్పజెప్పా, చెయ్యడానికి ఒక పని దొరికింది ఆవిడకి, మాత్ర మాట మానేశారు.

కొన్నిచోట్ల సొంత తెలివి పనికిరాదు. కొన్ని వారాలు తగ్గించాక, ఒక చెడ్డ రోజున పాత డోసు ఒక్కసారే వేసేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం, ఒంటికి ఆ ఓర్పు పోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోవచ్చు. మనిషి లేపినా లేవకుండా, ఊపిరి నెమ్మదించి, పెదాలు నీలంగా అయితే 108కి ఫోన్ చేసి ఏ మాత్ర వేసుకున్నారో చెప్పండి, నాలాక్సోన్ అని విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు డాక్టర్ లేకుండా అర మాత్ర కూడా తగ్గించకూడదు. కాన్సర్ నొప్పికి వాడుతున్నవాళ్లకి నేను రాసిందేదీ వర్తించదు, వాళ్లకి మార్ఫిన్ అవసరమైతే అది హక్కుగా అందాల్సిన మందు. ఇక మనసు కుంగిపోయి, చచ్చిపోతే బాగుండు అనిపిస్తే, తగ్గించే రోజుల్లో అలా అనిపించడం ఉంది, నాకూ మూడో నెలలో ఒక రాత్రి అనిపించింది, 14416కి చెయ్యండి, టెలీ మానస్ అని మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్‌కి చెప్తే తగ్గించడం అక్కడ ఆపుతారు.

నొప్పి పోయిందా అని అడుగుతారు అందరూ. పోలేదు. ఆరు మాత్రల రోజుల్లో పుస్తకంలో ఆరూ ఏడూ ఉండేవి, ఇప్పుడు నాలుగూ ఐదూ ఉంటున్నాయి, నెలకి ఒకట్రెండుసార్లు ఎనిమిది. ఎనిమిది పడ్డ రోజుకి మిషన్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి పెట్టా, ఆ రోజు బుర్ర పనిచెయ్యదు కాబట్టి: కాపడం, పారాసిటమాల్, అలారం పదికి తగ్గించు, మంచం మీద రెండు గంటలకి మించొద్దు, కస్టమర్‌కి ఫోన్ చేసి ఒక రోజు ఆలస్యం అని చెప్పు. ఈ ఆఖరిది నాకు అన్నిటికన్నా కష్టం.

మిగిలిపోయిన అట్టలు దాచుకోకండి. ట్రామడాల్ చెత్తబుట్టలో వెయ్యకుండా టాయిలెట్లో ఫ్లష్ చెయ్యాల్సిన 17 మందుల లిస్టులో ఉందని కేంద్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లు 2025లో చెప్పారు, మా అమ్మాయి చదివి వినిపించింది. తొమ్మిది మాత్రలు మిగిలాయి నా దగ్గర, అట్టలోంచి ఒక్కోటి నొక్కి తీసి వేశాను.

మానేశాక రెండు నెలలకి పన్ను పీకించుకోవాల్సొచ్చింది. డాక్టరమ్మ రాసిన చీటీ బయటికొచ్చాక చదివితే, మూడో లైన్లో అదే మాత్ర, రోజుకి రెండు, ఐదు రోజులు. వెనక్కి వెళ్లి చెప్పా, ఆవిడ ఏమీ అనుకోలేదు, కొట్టేసి వేరేది రాశారు. ఆ రోజు నుంచి నా ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాయించి పెట్టుకున్నా, ట్రామడాల్ వద్దు అని, ఎవరికి చూపించినా ముందు అదే కనపడేలాగ.